ఉత్త గొంతు

గిన్నెలో గంజి మూడోసారి చల్లారిపోయింది.

"తాగుతవా లేదా అమ్మా? ఒక్క మాట చెప్పు!" అని గట్టిగా అరిచింది నవనీత. అరిచాక తనే నాలుక కరుచుకుంది. మాట చెప్పమని ఎవరిని అడుగుతోంది తను?

గోడవైపు తిరిగి పడుకున్న చంద్రమ్మ కదల్లేదు. మెడకు కట్టిన పల్చటి గుడ్డ మాత్రం, ఆపరేషన్ చేసిన చోట రంధ్రంలోంచి ఊపిరి వచ్చినప్పుడల్లా లేచి పడుతోంది. ఆ చప్పుడు ఒక్కటే ఇప్పుడు ఆమె చేయగలిగిన చప్పుడు. అదీ, పక్కనున్న స్టీలు గ్లాసు చప్పుడూ. గ్లాసుతో నేల మీద ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. దవాఖాన నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో అదే భాష.

మంగళవారం నుంచి ఆ గ్లాసు బోర్లించి ఉంది. ఇవాళ శుక్రవారం.

భవాని గుమ్మంలో పాపను చంకనేసుకుని నిలబడింది. అత్తగారి వీపు చూస్తూ, చేతిని అలవాటుగా పాప వీపు మీద పెట్టింది. ఊపిరి సాఫీగానే ఆడుతోంది. రోజుకు పదిసార్లు అలా చూసుకోకపోతే ఆమెకు అన్నం దిగదు.

"సోమవారం నుంచి గొంతుకు కరెంటు, అదే రేడియేషన్, పెడతమన్నరు డాక్టరమ్మ," అంది నవనీత, ఈసారి తమ్ముడి వైపు తిరిగి. "ఇంకో కిలో తగ్గినా పెట్టేది లేదన్నది. పెట్టకపోతే రోగం మళ్లీ వస్తదన్నది. ఇన్నవు గద నువ్వు? నీ చెవులు పని చేస్తయి గద?"

మధుకర్ స్టవ్వు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా గడ్డం గీయలేదు.

"అక్కా, నేను కావాల్నని చేసిన్నా?"

"కావాల్నని చేస్తే ఇంకెట్లుండునో! పాటల స్టూడియోల ఆ కంప్యూటర్ డబ్బా ముంగట కూసున్నప్పటి సంది నీకు కండ్లు నెత్తికెక్కినయ్. ఆపరేషన్‌కు ఒప్పుకోమంటే అమ్మ ఏమన్నది, యాదికున్నదా? 'నా గొంతు ఆ డబ్బాల పడ్డంకనే కోతకు వస్త. నా మనుమరాలికి పాట లేకుంట పోను' అన్నది. అన్నదా లేదా?"

"అన్నది."

"మరి ఏది? ఏది రా ఆ గొంతు?"

చంద్రమ్మ మెడ మీది గుడ్డ లేచింది, పడింది.

భవానికి నోటిదాకా వచ్చింది, 'ఆయన్ని అంటవెందుకు వదినె' అని. కానీ ఆమె ఆ మాట అనలేదు. అనడానికి ఆమెకు ధైర్యం చాలని కారణం ఒకటుంది. దాన్ని తలుచుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం చాలదు.

*

చంద్రమ్మ గొంతంటే మాదాపూర్ నుంచి శేరిలింగంపల్లి దాకా మేస్త్రీలందరికీ తెలుసు. స్లాబు వేసే రోజు ఆమె లేకపోతే ఆడకూలీల వరస సాగదని పేరు. కింద కంకర కలిపే మిల్లరు దగ్గర్నుంచి పై అంతస్తు దాకా కాంక్రీటు తట్ట చేతులు మారుతుంటే, మధ్యలో నిలబడి పాట ఎత్తేది.

*ఎత్తుకో చెల్లెలా, ఎత్తుకో తట్ట,
ఎండ వాలకముందె ఎక్కాలి మిద్దె...*

'ఎండ' అన్నచోట ఆమె గొంతు ఎప్పుడూ జర పగిలేది. పగిలినచోట ఒక నవ్వు తొంగిచూసేది. వెంటనే ఇంత ఊపిరి పీల్చి, తర్వాతి మాట అందుకునేది. హైటెక్ సిటీలో ఆ గుండ్రటి బిల్డింగుకు ఆమె పాటతోనే తట్టలు ఎక్కాయి. ఇప్పుడు నవనీత అదే బిల్డింగులో ఫ్లోర్లు తుడుస్తుంది. "నేను కట్టిన, నా బిడ్డ తుడుస్తది, ఇగ మిగిలినోళ్లంత ఉత్తగ కూసుంటరు," అని చంద్రమ్మ అందరినీ నవ్వించేది.

పుట్టినప్పటి నుంచీ ఆ తట్ట పాటే పాప జ్యోత్స్నకు జోలపాట. నాయినమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుని నెమ్మదిగా పాడితే, పాప రెండో చరణం వినకుండానే నిద్రపోయేది.

మంగళవారం సాయంత్రం మధుకర్ కొత్త క్యాసెట్టు తెచ్చినప్పుడు మొహం వెలిగిపోతోంది. "అమ్మా, ఇగ ఇను. నువ్వు కోతకు ముందు పాడినదానికి ఎఫెక్టులు పెట్టిన. సినిమా పాటలెక్క వచ్చింది," అని టేప్‌రికార్డర్‌లో వేశాడు.

ముందు ఖాళీ గుడిలో గంట కొట్టినట్టు ఒక మోగుడు. ఆ తర్వాత ఎవరో ఆడమనిషి, బావి అడుగున నీళ్లలో కూర్చుని పాడుతున్నట్టు. మాటలు తట్ట పాటవే. కానీ 'ఎండ' దగ్గర గొంతు పగల్లేదు. నవ్వు లేదు. ఊపిరి లేదు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య మనిషి చచ్చిపోయి మళ్లీ లేచినట్టుంది.

చంద్రమ్మ లేచి కూర్చుని గది అంతా చూసింది. ఇక్కడెవరైనా కొత్త మనిషి వచ్చిందా అన్నట్టు.

"నాయినమ్మ పాట చిన్నీ, ఇను," అని మధుకర్ పాపను ముందుకు తోశాడు. పాప బెదిరి భవాని కాళ్లను కరుచుకుంది.

అప్పుడు చంద్రమ్మ గ్లాసు తీసి నేల మీద రెండుసార్లు కొట్టింది. మళ్లీ రెండుసార్లు. మళ్లీ రెండుసార్లు. తర్వాత దాన్ని బోర్లించి గోడవైపు తిరిగింది.

*

"నేను స్టూడియోకు వస్త," అంది భవాని.

"నువ్వెందుకు? నీకేం సమజైతది?" అన్నాడు మధుకర్.

"సమజ్ కాకపోయినా నాలుగు మాటలు అడుగుత. నువ్వు మీ సార్ ముంగట నోరు తెరువవు."

నవనీత ఆ రోజు డ్యూటీ మానేసింది. "పోండ్రి. నేనుంట అమ్మ దగ్గర," అంది. పాపను చంకనేసుకుని భవాని, మధుకర్ వెంట సెవెన్ సీటర్ ఆటో ఎక్కింది.

మూసాపేటలో ఒక మేడ మీద రెండు గదులే స్టూడియో. లోపలి గది గోడలకు కోడిగుడ్ల అట్టలు, వాటి మీద బొంతలు. స్టూడియో ఓనరు చలపతిరావు కోస్తా మనిషి. పాపను చూసి ఫ్యాన్ తిప్పాడు.

"రండమ్మా, కూర్చోండి. పెద్దావిడకి ఎలా ఉందండీ?"

"తింటలేదు సార్. ఆ పాట ఇన్నప్పటి సంది."

చలపతిరావు మధుకర్ వైపు చూశాడు. "ఒరేయ్ మధూ, సేవ్ చేసేముందు వేరే పేరు పెట్టమని నీకు ఎన్నిసార్లు చెప్పానురా? ఉత్త గొంతు ఒక పేరుతో ఉండాలి, ఎఫెక్టు వేసింది ఇంకో పేరుతో ఉండాలి. అది మొదటి పాఠం కదరా."

"కరెంటు పోయింది సార్," అన్నాడు మధుకర్ నేల చూస్తూ. "యూపీఎస్ కుయ్ కుయ్‌మంటున్నది. రెండు నిమిషాల కన్న ఎక్కువ ఆగదంటిరి గద మీరే. పొద్దటి సంది చేసిన పనంత పోతదని భయమై సేవ్ కొట్టిన. అది ఇంగ్లీషుల ఏదో అడిగింది. ఎప్పుడడిగినా యెస్ కొడతం గద సార్. గట్లనే కొట్టిన."

"పాత దాని మీద రాయనా అని అడిగిందిరా అది!"

"ఇప్పుడు తెలిసింది సార్."

భవాని కంప్యూటర్ తెర వైపు చూసింది. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసిన మనిషి ఆమె. అయినా తెర మీద అత్తగారి గొంతు బొమ్మలాగా కనబడుతుంటే గుర్తుపట్టింది. జొన్న కంకులు వరసగా పేర్చినట్టు పచ్చగా లేచి, మధ్యలో అణిగి, మళ్లీ లేచి.

"ఆ మోగుడు తీసెయ్యరాదా సార్? పైన పూసినదాన్ని తుడిచినట్టు?"

"పూసింది కాదమ్మా, కలిసిపోయింది. చక్కెర వేసి తిప్పేసిన చాయ్‌లోంచి మళ్లీ చక్కెర తియ్యమన్నట్టుంటుంది."

"మోగుడు ఉన్నా ఉండనియ్యండి. గొంతన్నా గొంతులెక్క చెయ్యండి. గొంతు ఎటు పోయింది?"

చలపతిరావు కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకున్నాడు. తర్వాత తెర మీద రెండు కంకుల మధ్య వేలు పెట్టాడు. అక్కడ ఏమీ లేదు. గీత గీసినట్టు చదునుగా ఉంది.

"ఫ్యాన్ చప్పుడూ, టేపు చప్పుడూ తియ్యడానికి ఒక ఎఫెక్టు ఉందమ్మా. ముందు దానికి 'ఇదిగో, ఇదీ చెత్త' అని కాస్త ముక్క వినిపించాలి. పాట లేనిచోట అర సెకను పట్టుకుని చూపిస్తాం. అది పాట మొత్తం వెతికి, అలాంటిదంతా తీసి పారేస్తుంది."

"అయితే?"

"వీడు చూపించిన ముక్కలో పాట లేదు. నిజమే. కానీ అది ఆవిడ ఊపిరి పీల్చుకునే చోటు."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది.

"అంటే... అత్తమ్మ ఊపిరిని చెత్త అని చెప్పిండా ఈయన?"

మధుకర్ మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. "నాకు సమజ్ కాలే భవానీ. నాకు సప్పుడే ఇనబడ్డది. ఊపిరని సమజ్ కాలే."

"గొంతులో ఉండే జీర కూడా ఊపిరే కదమ్మా. దాంతోపాటే పోయింది," అన్నాడు చలపతిరావు. "ఇంకో చోట దాచేంత జాగా ఈ డిస్కులో లేదు. పాటకి ఒకటే ఫైలు. ఇదే."

భవాని పాపను గట్టిగా పొదువుకుంది. ఇక లేవాలనుకుంది. అప్పుడే చలపతిరావు కుర్చీలో ముందుకు వంగాడు.

"ఉండండుండండి. ఒరేయ్, రికార్డింగ్ రోజు సాయంత్రం మీ అమ్మ వింటుందని ఒక క్యాసెట్టు చేసిచ్చాను నీకు. గుర్తుందా? ఎఫెక్టులు గిఫెక్టులు ఏమీ లేవు దాంట్లో. ఉత్త గొంతు!"

మధుకర్ తల ఎత్తాడు.

మూడు రోజుల తర్వాత అతని కళ్లలో మొదటిసారి వెలుగు కనబడింది. "అవును సార్! అమ్మ సందూకు పెట్టెల పెట్టుకున్నది! దేవుడా, నాకు యాదికే రాలే. కంప్యూటర్ల ఉన్నది గద అని దాన్ని మర్చేపోయిన."

"అది పట్టుకురా. మళ్లీ ఎక్కిద్దాం. ఈసారి ముట్టుకోకు."

సందూకు మాట వినగానే, పాప వీపు నిమురుతున్న భవాని చెయ్యి ఆగిపోయింది.

*

ఆపరేషన్ కోసం చంద్రమ్మ, మధుకర్ దవాఖానలో ఉన్న రోజులవి. బోరబండ గదిలో భవాని, పాప ఇద్దరే. తెల్లారుజామున పాపకు ఆయాసం వచ్చేది. ఛాతీలో పిల్లి కూర్చున్నట్టు గుర్రు గుర్రుమనేది. తెల్లారి డాక్టరు దగ్గరకు తీసుకుపోయేసరికి ఏమీ ఉండేది కాదు. "పిల్ల మంచిగనే ఉన్నది కదమ్మా. నువ్వే ఊకె పరేషాన్ అయితున్నవ్," అని నవ్వేవాడాయన.

మూడోసారి నవ్వాక భవానికి రోషం వచ్చింది. ఆ చప్పుడు ఆయనకు వినిపించాలనుకుంది. ఇంట్లో ఉన్న క్యాసెట్లు రెండే. ఒకటి ఇంటి ఓనరమ్మ భజనలది, అడిగితే తిరిగి ఇవ్వాలి. రెండోది అత్తమ్మ సందూకులోది.

మధుకర్ చెప్పిన మాట ఆమె చెవిలో ఉంది: "కంప్యూటర్ల ఎక్కింది. ఇగ అది వందేండ్లయినా పోదు."

పోదు కదా అనుకుంది. టేప్‌రికార్డర్ పాప ఛాతీ దగ్గర పెట్టి ఎర్ర బటన్ నొక్కింది. పాపను భుజాన వేసుకుని వీపు నిమురుతూ అలాగే కునుకు తీసింది. టప్‌మని బటన్ దానంతటదే లేచిన చప్పుడుకు మెలకువ వచ్చింది. అంటే పాట ఉన్న ఆ వైపు టేపు మొత్తం పాప ఊపిరితోనే నిండిపోయింది. రెండో వైపు ముందునుంచీ ఖాళీయేనని ఆమెకు ఆ తర్వాతే తెలిసింది.

ఆ టేప్‌రికార్డర్‌ను చంకలో పెట్టుకుని డాక్టరు దగ్గరకు పోయింది. ఆయన విని, నవ్వకుండా, సిరప్ రాసిచ్చాడు. భవాని క్యాసెట్టును సందూకులో చీరల కింద ఎక్కడిదక్కడ పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది ఏముందని?

*

ఆటోలో మధుకర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయ్యాక నలుగురిలో అతను అలా పట్టుకోవడం అదే మొదలు.

"అమ్మ తింటది ఇగ. సూడు నువ్వు. ఇంటికి పోంగనే పెడత."

"ఇగో..." అంది భవాని.

"ఏంది?"

ఆటో గతుకులో పడి లేచింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన వీళ్లనే చూస్తున్నాడు.

"ఏం లేదు. పాపకు ఆకలైతున్నదేమో."

ఇంటికి ముందు తను చేరాలి, సందూకు ముందు తను తెరవాలి. తెరిచి ఏం చేయాలి? దాచేయాలా? పోయిందని చెప్పాలా? ఆమె బుర్రలో అంతకు మించి ఏదీ సాగలేదు.

మెట్ల దగ్గరే నవనీత ఎదురొచ్చింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"తమ్మీ! అమ్మ గంజి తాగుతున్నది రా!"

భవాని గుమ్మంలో ఆగిపోయింది.

చంద్రమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో గిన్నె. చెంచాతో కొంచెం కొంచెం తీసుకుని, మెడ ఒకపక్కకు వంచి, కష్టంగా మింగుతోంది. సందూకు తెరిచి ఉంది. ఆమె మోకాలి పక్కన, కొంగు చివరతో తుడిచి పెట్టిన క్యాసెట్టు.

"మీరటు పోయిన్రో లేదో, లేచి గ్లాసు కొట్టుడు మొదలువెట్టింది," అంది నవనీత. "సందూకు దిక్కు చెయ్యి చూపిచ్చుడు, కొట్టుడు. నాకు సమజ్ కాలే. చీరలన్ని తీసిన. ఇది చేతులకు రాంగనే, నీ యవ్వ, ఆ మొఖం చూడాలె! గంజి తెమ్మని తనే సైగ చేసింది. మంగళారం నుంచి పాపం గోడకు తిరిగి ఇదే ఆలోచన చేసిందేమో."

మధుకర్ తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, నన్ను కొట్టు. ఈ గ్లాసు తీస్కోని కొట్టు."

చంద్రమ్మ చెంచా పక్కన పెట్టి, కొడుకు గడ్డం మీద చెయ్యి వేసింది. గీసుకొమ్మన్నట్టు రెండువేళ్లతో చెంప మీద గీసి చూపించింది. అందరూ నవ్వారు. మూడు రోజుల తర్వాత ఆ గదిలో నవ్వు.

"పెట్టు భవానీ, పెట్టు! టేప్‌రికార్డర్ తే!"

"గంజి అయిపోనియ్యండ్రి," అంది భవాని. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "అత్తమ్మ తినేదాక ఆగుదం."

"ఇనుకుంట తాగుతది తియ్యి."

"వద్దు వదినె. మింగేటప్పుడు పొలమారితే కష్టం. తిననియ్యి."

"అది గూడ నిజమే," అంది నవనీత.

భవాని ఒక్కో చెంచా చూస్తూ కూర్చుంది. ఒక్కో చెంచా లోపలికి పోతుంటే, ఇంకొకటి, దేవుడా, ఇంకొక్కటి, అనుకుంది. చెప్పేస్తే ఆ చెయ్యి ఆగిపోతుంది. చెప్పకపోతే గిన్నె అయిపోతుంది. గిన్నె అయిపోకుండా ఉంటే బాగుండు.

గిన్నె అయిపోయింది. చంద్రమ్మ మూతి తుడుచుకుని, పక్కనున్న గ్లాసును తనే ఎత్తి, నేల మీద ఒకసారి కొట్టింది.

అవును. ఇప్పుడు పెట్టండి.

"నేను పెడత," అన్నాడు మధుకర్.

"నేను," అంది భవాని. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. తను చేసినదాన్ని ఇంకొకరి చేతితో చేయించకూడదని కాబోలు. క్యాసెట్టు లోపల పెట్టింది. మూత వేసింది. "అత్తమ్మా," అంది. "అత్తమ్మా, నేను..."

చంద్రమ్మ నవ్వుతూ గ్లాసు మళ్లీ ఒకసారి కొట్టింది. అవును, అవును, పెట్టు.

భవాని నొక్కింది.

ముందు బుస్సుమని ఉత్త టేపు చప్పుడు. నవనీత చేతులు జోడించి కళ్లు మూసుకుంది. మధుకర్ స్పీకరుకు చెవి ఆనించాడు.

తర్వాత వచ్చింది. గుర్రు... ఆగి, గుర్రు... సన్నని దారిలోంచి గాలి కష్టంగా ఈడ్చుకుంటూ రావడం, పోవడం.

"ఏంది ఇది?" మధుకర్ తల తిప్పాడు. "పాటేది?"

"పెద్దగ చెయ్యి. ఇంకా మొదలుగాలేదేమో."

భవాని బటన్ మీది వేలు తియ్యలేదు. ఎవరి వైపూ చూడలేదు. టేపు తిరుగుతోంది. గుర్రు... గుర్రు... గది అంతా ఆ ఊపిరే.

చంద్రమ్మ మొహంలో నవ్వు అలాగే ఉండి, అలాగే ఉండి, మెల్లగా కిందికి జారింది. ఆమె చెయ్యి తనంతట తనే మెడ మీది గుడ్డ దగ్గరకు పోయింది.

పాప భవాని చంక నుంచి కిందికి జారింది. టేప్‌రికార్డర్ వైపు రెండడుగులు వేసి, తల వంచి వింది. తర్వాత చంద్రమ్మ మెడ వైపు చూసింది. మళ్లీ టేపు వైపు చూసింది. పాప మొహం విచ్చుకుంది.

"నాయినమ్మ," అంది, టేప్‌రికార్డర్ మీద చెయ్యి వేసి. "నాయినమ్మ!"

చంద్రమ్మ పాపను చూసింది. పాపను దాటి, తల వంచుకుని కూర్చున్న భవానిని చూసింది. చూస్తూనే ఉంది. అంతా ఆమెకు అర్థమైందని భవానికి, తల ఎత్తకుండానే తెలిసింది.

చంద్రమ్మ చెయ్యి గ్లాసు అందుకుంది. ఎత్తింది.

ఒకసారి నేలకు తాకిన చప్పుడు విని, పాప మాటకు అది అవునో కాదో తేల్చే రెండో చప్పుడు కోసం భవాని ఊపిరి బిగబట్టింది.